ఛాంపియన్స్ లీగ్, లిబర్టడోరెస్, ఆసియా, ఆఫ్రికా: మీరు ఏ క్లబ్ టోర్నీ చూడాలి?

క్లబ్ ఫుట్‌బాల్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లు ఎక్కువగా ఒక ఆటగాడి పేరు పట్టుకుని వస్తారు. మెస్సీ మయామీకి వెళ్తే కళ్లు అమెరికా వైపు, రొనాల్డో రియాద్‌కు వెళ్తే సౌదీ వైపు తిరుగుతాయి. మొదలుపెట్టడానికి అది మంచి దారే. కానీ ఏడాది పొడవునా ఒక టోర్నీని పట్టుకుని చూడాలంటే పేరు ఒక్కటే సరిపోదు. ఏ రాత్రి నిద్ర మానుకోవాలి, ఏ మ్యాచ్‌కి మర్నాడు హైలైట్స్ చాలు, మనకు నచ్చిన జట్టు రెండు మ్యాచ్‌లు ఓడితే ఇంకా ఆశ ఉందా లేదా అన్నవి ఆ టోర్నీని నడిపే పద్ధతి మీద ఆధారపడతాయి. అందుకే ఇక్కడ ఆటగాళ్లను పక్కనపెట్టి పద్ధతులనే పోలుస్తున్నాను.

ప్రాథమిక సూత్రం అన్ని ఖండాల్లోనూ దాదాపు ఒకటే. ఒక్కో దేశపు లీగ్‌లో పైస్థానాల్లో నిలిచిన క్లబ్బులకు ఖండ స్థాయి టోర్నీలో బెర్త్ వస్తుంది. బలమైన దేశాలకు ఎక్కువ బెర్త్‌లు ఉంటాయి. చిన్న దేశాల విజేతలు క్వాలిఫయింగ్ రౌండ్లు దాటుకుని రావాలి. ఆ తర్వాత గ్రూప్ దశ లేదా లీగ్ దశ, దాని తర్వాత నాకౌట్. నాకౌట్ ఎక్కువగా రెండు అంచెల్లో ఉంటుంది. ఒక మ్యాచ్ సొంతగడ్డపై, ఇంకోటి ప్రత్యర్థి మైదానంలో ఆడతారు. రెండింటి గోల్స్ కలిపి ఎవరివి ఎక్కువైతే వాళ్లు ముందుకెళ్తారు. శని, ఆదివారాలు దేశవాళీ లీగ్‌లవి కాబట్టి ఈ మ్యాచ్‌లన్నీ దాదాపుగా వారం మధ్యలోనే పడతాయి. ఆఫీసుకు వెళ్లేవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే. అందుకే ప్రతి టోర్నీ దగ్గరా మన గడియారం సంగతి కూడా చెబుతాను.

ఛాంపియన్స్ లీగ్: 36 జట్లు, ఒకే పట్టిక

1955-56లో యూరోపియన్ కప్‌గా మొదలై 1992లో ఛాంపియన్స్ లీగ్‌గా మారిన టోర్నీ ఇది. చాలామందికి గుర్తున్న రూపం 32 జట్లు, ఎనిమిది గ్రూపులు. అది 2023-24తో ముగిసింది. 2024-25 నుంచి 36 జట్లు ఒకే పాయింట్ల పట్టికలో ఉంటున్నాయి. అయితే అందరూ అందరితో ఆడరు. ర్యాంకింగ్ ప్రకారం జట్లను తొమ్మిదేసి చొప్పున నాలుగు పాట్‌లుగా విడదీసి, ప్రతి జట్టుకూ ఒక్కో పాట్ నుంచి ఇద్దరు ప్రత్యర్థులను ఇస్తారు. మొత్తం ఎనిమిది మ్యాచ్‌లు. అందులో నాలుగు సొంతగడ్డపై, నాలుగు బయట. ఐపీఎల్ చూసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడా పది జట్లు ఒకే పట్టికలో ఉన్నా కొన్ని జట్లతో రెండుసార్లు, కొన్నింటితో ఒక్కసారే ఆడతాయి. ఇన్ని షరతులతో ప్రత్యర్థులను చేత్తో తీయాలంటే గంటలు పడుతుంది కాబట్టి, 2024 ఆగస్టులో మొనాకోలో జరిగిన డ్రాలో జట్ల పేర్లున్న బంతులను మాత్రం చేత్తో తీసి, ఎవరికి ఎవరన్నది కంప్యూటర్‌కు అప్పగించారు.

మొదటి ఎనిమిది స్థానాల్లో ఉన్నవాళ్లు నేరుగా ప్రిక్వార్టర్స్‌కు వెళ్తారు. 9 నుంచి 24 వరకు ఉన్నవాళ్లు రెండంచెల ప్లేఆఫ్ ఆడాలి. 25 నుంచి కింద ఉన్న పన్నెండు జట్లు ఇంటికే. ఇదివరకు గ్రూప్‌లో మూడో స్థానంలో నిలిచినవాళ్లు యూరప్ రెండో స్థాయి టోర్నీ యూరోపా లీగ్‌లోకి దిగేవాళ్లు. ఇప్పుడు ఆ దారి లేదు. మ్యాచ్‌ల సంఖ్య మాత్రం బాగా పెరిగింది. పాత పద్ధతిలో టోర్నీ మొత్తానికి 125 మ్యాచ్‌లు ఉండేవి, ఇప్పుడు 189. ఒక్క లీగ్ దశలోనే 144.

36లో 24 జట్లు బతికి ఉండే దశలో సెప్టెంబర్, అక్టోబర్ మ్యాచ్‌లకు అంత పదును ఉండదు. 2024-25లో మాంచెస్టర్ సిటీ 22వ స్థానంలో నిలిచి కూడా ప్లేఆఫ్‌కు చేరింది. ప్లేఆఫ్‌లో రియల్ మాడ్రిడ్ చేతిలో ఓడింది, అది వేరే సంగతి. తీరిక తక్కువ ఉన్నవాళ్లు మొదటి నాలుగు రౌండ్లకు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. పట్టిక చూసుకుంటూ హైలైట్స్‌తో సరిపెట్టుకోవచ్చు.

జనవరి చివరి రాత్రి మాత్రం వదలొద్దు. లీగ్ దశ ఆఖరి రౌండ్‌లో 18 మ్యాచ్‌లూ ఒకేసారి మొదలవుతాయి. మన టైమ్ ప్రకారం అర్ధరాత్రి దాటాక 1:30కి. ఎక్కడో ఒక గోల్ పడితే ఎనిమిదో స్థానంలో ఉన్న జట్టు పదికి జారుతుంది, 25లో ఉన్నది 24కి ఎక్కుతుంది. ఒక్క మ్యాచ్‌నే చూడకుండా పట్టికను కూడా పక్కన తెరిచి పెట్టుకోండి. కొత్త పద్ధతి మీద నాకు ఎన్ని ఫిర్యాదులున్నా, ఆ రెండు గంటల టెన్షన్ పాత గ్రూపుల్లో ఎప్పుడూ చూడలేదు.

పట్టికలో స్థానానికి ఎంత విలువ ఉందో చెప్పడానికి ఆ సీజన్‌కు మించిన ఉదాహరణ లేదు. నాకౌట్ బాట ముందే గీసి ఉంటుంది. 1, 2 స్థానాల జట్లకు 15 నుంచి 18 వరకు ఉన్నవాళ్లలోంచి ప్రత్యర్థి వస్తుంది. ఎనిమిదింటిలో ఏడు గెలిచి అగ్రస్థానంలో నిలిచిన లివర్‌పూల్‌కు బహుమానంగా తగిలింది 15వ స్థానంలో తడబడుతూ వచ్చిన పారిస్ సెయింట్ జర్మన్. పారిస్‌లో లివర్‌పూల్ 1-0తో గెలిచింది, లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో పారిస్ 1-0తో గెలిచింది, షూటౌట్‌లో పారిస్ బయటపడింది. అదే జట్టు మ్యూనిక్‌లో జరిగిన ఫైనల్‌లో ఇంటర్ మిలాన్‌ను 5-0తో చిత్తుచేసి కప్పు ఎత్తింది. తర్వాతి సీజన్‌లో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ ఒక దిద్దుబాటు చేసింది. లీగ్ దశలో మొదటి నాలుగు స్థానాల్లో ఉన్నవాళ్లకు క్వార్టర్స్‌లో, మొదటి రెండు స్థానాలవాళ్లకు సెమీస్‌లో కూడా రెండో అంచె సొంతగడ్డపై ఆడే వీలు ఇచ్చింది. మంచి మార్పు. జనవరి మ్యాచ్‌లకు దానివల్ల ఇంకొంచెం బరువు పెరిగింది.

గడియారం విషయంలో యూరప్ మనకు కఠినమే. ఎక్కువ మ్యాచ్‌లు వేసవి సమయంలో అర్ధరాత్రి 12:30కి, చలికాలంలో 1:30కి మొదలవుతాయి. ప్రతి రాత్రీ ఒకటి రెండు మ్యాచ్‌లు ముందుగా, మనకు 10:15కో 11:15కో ఉంటాయి. ఉద్యోగస్తులు వాటిని నమ్ముకోవచ్చు. ఒక శుభవార్త ఏమిటంటే, 2026 బుడాపెస్ట్ ఫైనల్ నుంచి ఆరంభ సమయాన్ని స్థానికంగా సాయంత్రం 6 గంటలకు జరిపారు. అంటే మనకు శనివారం రాత్రి 9:30. ఇంట్లో పిల్లలతో కలిసి చూడగలిగే టైమ్ అది.

లిబర్టడోరెస్: పొద్దున్నే కాఫీతో చూసే నాకౌట్

దక్షిణ అమెరికా వాళ్ల కోపా లిబర్టడోరెస్ 1960లో మొదలైంది. ఇక్కడ సీజన్ క్యాలెండర్ ఏడాదితో నడుస్తుంది. ఫిబ్రవరిలో క్వాలిఫయింగ్, నవంబర్‌లో ఫైనల్. మొత్తం 47 క్లబ్బులు. బ్రెజిల్‌కు ఏడు, అర్జెంటీనాకు ఆరు, మిగతా ఎనిమిది దేశాలకు నాలుగేసి బెర్త్‌లు, పైన డిఫెండింగ్ ఛాంపియన్, రెండో స్థాయి టోర్నీ కోపా సుడమెరికానా విజేత. యూరప్ వదిలేసిన ఎనిమిది గ్రూపుల పద్ధతి ఇక్కడ ఇంకా ఉంది. నలుగురున్న గ్రూప్‌లో ఇద్దరు ముందుకెళ్తారు, మూడోవాళ్లు సుడమెరికానా ప్లేఆఫ్‌కు దిగుతారు. ఆరు మ్యాచ్‌ల్లోనే తేలిపోవాలి కాబట్టి రెండు ఓటములు ఎదురైతే లెక్కలు వేసుకోవాల్సిందే.

ఇక్కడ సొంతగడ్డ అంటే నిజంగా సొంతగడ్డే. సముద్ర మట్టానికి 3,600 మీటర్ల ఎత్తున ఉన్న లాపాజ్‌లో ఆడాలంటే బ్రెజిల్ తీరం నుంచి వచ్చే ఆటగాళ్లకు ఊపిరి ఆడదు. అంతంతమాత్రంగా ఉన్న బొలీవియా క్లబ్ కూడా అక్కడ పెద్దవాళ్లను ఓడించగలదు, తిరుగు మ్యాచ్‌లో అదే జట్టు చిత్తుగా ఓడొచ్చు. రెండంచెల ఆటలో ఉన్న రుచి ఏమిటో తెలుసుకోవాలంటే ఈ టోర్నీ చూడాలి. ఇంకో తేడా ఉంది. ప్రిక్వార్టర్స్ నుంచి సెమీస్ వరకు రెండంచెల స్కోరు సమమైతే అదనపు సమయం ఉండదు, నేరుగా పెనాల్టీలే. రెండో అంచెలో 80వ నిమిషం దాటాక రెండు జట్లూ ఎలా ఆడతాయో గమనించండి.

ఫైనల్ విషయంలో మాత్రం వీళ్లు యూరప్ బాట పట్టారు. 2018లో బోకా జూనియర్స్, రివర్ ప్లేట్ మధ్య రెండో అంచెకు ముందు బోకా బస్సుపై దాడి జరిగి, మ్యాచ్‌ను చివరికి మాడ్రిడ్‌లో ఆడించాల్సి వచ్చింది. ఒకే మ్యాచ్ ఫైనల్ అన్న నిర్ణయం అంతకుముందే అయిపోయింది, 2019 నుంచి అమలులో ఉంది. తటస్థ నగరం కావడంతో అభిమానులు దేశాలు దాటి వెళ్లాలి. ఆ ఖండంలో దూరాలు, విమాన ఛార్జీలు చూస్తే సామాన్య అభిమానికి ఇది అన్యాయమనే నా అభిప్రాయం.

ఇంకో లోపం కూడా చెప్పాలి. 2019 నుంచి 2025 వరకు వరుసగా ఏడు కప్పులూ బ్రెజిల్ క్లబ్బులవే. 2025లో లీమాలో పాల్మెయిరాస్‌పై 1-0తో గెలిచి, నాలుగు లిబర్టడోరెస్‌లు సాధించిన తొలి బ్రెజిల్ క్లబ్‌గా ఫ్లమెంగో నిలిచింది. విజేత ఏ దేశమో ముందే ఊహించగలిగే టోర్నీ మీకు నచ్చకపోతే ఆలోచించుకోండి.

మనకు కలిసొచ్చేది టైమ్. అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు మొదలయ్యే పెద్ద మ్యాచ్‌లు బ్రెజిల్ సమయం ప్రకారం చూస్తే ఇక్కడ ఉదయం 6 గంటలకు పడతాయి. పొద్దున్నే లేచే అలవాటున్నవాళ్లకు ఇంతకన్నా మంచి టోర్నీ లేదు. ఆగస్టులో ప్రిక్వార్టర్స్ మొదలయ్యే సమయానికి యూరప్‌లో సీజన్ ఇంకా కళ్లు నులుముకుంటూ ఉంటుంది. అక్కడి నుంచి పట్టుకుంటే నవంబర్ దాకా మంచి నాకౌట్ దొరుకుతుంది.

ఆసియా: మనవాళ్లు ఆడే చోటు

ఆసియాలో 2024-25 నుంచి మూడు అంతస్తులు ఉన్నాయి. పైన ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) నడిపే ఛాంపియన్స్ లీగ్ ఎలీట్, దాని కింద ఛాంపియన్స్ లీగ్ టూ, ఆ కింద ఛాలెంజ్ లీగ్.

ఎలీట్‌ను 24 జట్లతో మొదలుపెట్టారు. ఖండం మరీ పెద్దది కాబట్టి పశ్చిమాన 12, తూర్పున 12గా విడదీశారు. ఒక్కో వైపు ఒక్కో పట్టిక, ప్రతి జట్టుకూ ఎనిమిది మ్యాచ్‌లు, 12లో ఎనిమిది జట్లు ముందుకు. ప్రిక్వార్టర్స్ వరకు సొంత, బయటి మైదానాల పద్ధతి ఉంటుంది. క్వార్టర్స్ నుంచి మాత్రం అన్ని జట్లనూ జెడ్డాకు పిలిచి ఒక్కో మ్యాచ్‌తో తేల్చారు. 2025లో ఆ పద్ధతిలో కప్పు గెలిచింది జెడ్డా క్లబ్ అల్ అహ్లీనే, కవాసాకి ఫ్రొంటాలేపై 2-0తో. అల్ అహ్లీ బాగా ఆడింది, సెమీస్‌లో అల్ హిలాల్‌ను 3-1తో ఓడించింది. అంత దూరం నుంచి వచ్చి రొనాల్డో క్లబ్ అల్ నస్ర్‌ను 3-2తో ఇంటికి పంపిన కవాసాకి పోరాటం కూడా గొప్పది. అయినా ఒక జట్టు ఊళ్లోనే ఆఖరి మూడు రౌండ్లూ పెట్టడం సరైన ఏర్పాటు అనిపించలేదు. జపాన్ అభిమాని తన జట్టు క్వార్టర్ ఫైనల్‌ను సొంత స్టేడియంలో చూసుకునే అవకాశమే లేకుండా పోయింది.

డబ్బు సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఎలీట్ విజేతకు కోటి డాలర్లు. యూరప్ ఛాంపియన్స్ లీగ్‌లో లీగ్ దశలో అడుగుపెట్టిన ప్రతి క్లబ్‌కూ 2024-25లో దక్కిన కనీస మొత్తమే 1.86 కోట్ల యూరోలు. యూరప్‌లో చివరి స్థానంలో నిలిచినా ఆసియా విజేత కన్నా ఎక్కువ వస్తుందన్నమాట.

మన క్లబ్బులు ఇప్పుడు ఎక్కువగా కనిపించేది రెండో అంతస్తులో. టూలో 32 జట్లు, నలుగురేసి ఎనిమిది గ్రూపులు, సెమీస్ వరకు రెండంచెలు, ఫైనల్ ఒకే మ్యాచ్. 2025-26లో ఎఫ్‌సీ గోవా ఒమన్ క్లబ్ అల్ సీబ్‌ను 2-1తో ఓడించి గ్రూప్‌లోకి వచ్చింది. అదే గ్రూప్‌లో అల్ నస్ర్ పడింది. అక్టోబర్‌లో ఫతోర్డా స్టేడియానికి అల్ నస్ర్ వచ్చినప్పుడు రొనాల్డో రాలేదని చాలామంది నిరాశపడ్డారు. కానీ ఆ మ్యాచ్‌లో బ్రైసన్ ఫెర్నాండెజ్ గోల్ కొట్టాడు, గోవా 1-2 తేడాతోనే ఓడింది. నా దృష్టిలో ఆ సాయంత్రానికి అసలు విలువ అదే.

ఈ టోర్నీలో నిరాశలకు కూడా సిద్ధపడాలి. మోహన్ బగాన్ వరుసగా రెండు సీజన్లలో ఇరాన్‌లో ఆడాల్సిన మ్యాచ్‌కు వెళ్లలేదు. రెండుసార్లూ టోర్నీ నుంచి వైదొలగినట్టు ఏఎఫ్‌సీ లెక్కేసింది. నిబంధన ప్రకారం ఒక మ్యాచ్‌కు రాని జట్టు ఫలితాలన్నీ పట్టికలోంచి తీసేస్తారు. మీరు పట్టుకున్న క్లబ్ మధ్యలో మాయమైపోవచ్చు.

అలాగని చిన్న విజయాలు లేకపోలేదు. 2021లో గోవా ఆసియా ఛాంపియన్స్ లీగ్ గ్రూప్ దశలో ఆడిన తొలి భారత క్లబ్ అయింది. 2022 ఏప్రిల్‌లో ముంబై సిటీ ఇరాక్ క్లబ్ అల్ ఖువా అల్ జవియాను 2-1తో ఓడించి ఆ స్థాయిలో భారత్‌కు తొలి గెలుపు తెచ్చింది. అంతకు ఆరేళ్ల ముందు, ఆసియాలో అప్పటి రెండో స్థాయి టోర్నీ ఏఎఫ్‌సీ కప్ ఫైనల్‌లో బెంగళూరు ఎఫ్‌సీని ఓడించింది అదే ఇరాక్ క్లబ్. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో మన దేశపు లీగ్ ఐఎస్‌ఎల్ గెలిచినా, ఆసియా బెర్త్ కోసం 2023లో కోజికోడ్‌లో జరిగిన ప్లేఆఫ్‌లో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో ఓడిపోయింది. తర్వాత ఆ క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. భారత జట్టు పాత కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కోచింగ్‌లో దేశానికి ఆటగాళ్లను అందించిన నగరానికి ఇప్పుడు ఆసియా వైపు చూసే క్లబ్ లేకపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

మహిళల ఛాంపియన్స్ లీగ్‌ను కూడా లెక్కలోకి తీసుకోండి. 2025 నవంబర్‌లో వూహాన్‌లో ఈస్ట్ బెంగాల్ మహిళల జట్టు ఇరాన్ జట్టు బామ్ ఖాతూన్‌ను 3-1తో ఓడించింది. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఆడే క్లబ్ అది. ఒకే ఊళ్లో గ్రూప్ మ్యాచ్‌లన్నీ వారం రోజుల్లో అయిపోతాయి కాబట్టి మొత్తం గ్రూప్‌ను చూడటం కష్టం కాదు.

టైమ్ విషయంలో ఆసియాకు సాటి లేదు. జపాన్, కొరియాల్లో రాత్రి 7 గంటల మ్యాచ్ మనకు మధ్యాహ్నం 3:30. సౌదీలో 7 గంటల మ్యాచ్ మనకు 9:30. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి గల్ఫ్‌లో ఉంటున్నవాళ్లకైతే టీవీతో పనే లేదు. రియాద్‌లో అల్ హిలాల్, జెడ్డాలో అల్ ఇత్తిహాద్, దోహాలో అల్ సద్ ఆడేటప్పుడు స్టేడియానికే వెళ్లొచ్చు.

ఆఫ్రికా, ఉత్తర అమెరికా

ఆఫ్రికా ఛాంపియన్స్ లీగ్ గురించి మన దగ్గర మాట్లాడేవాళ్లు తక్కువ. 16 జట్లు, నాలుగు గ్రూపులు, నేరుగా క్వార్టర్స్. మిగతా ఖండాల్లో చాలావరకు వదిలేసిన రెండు పాత అలవాట్లు ఇక్కడ బతికే ఉన్నాయి. ఒకటి రెండంచెల ఫైనల్. 2020 నుంచి మూడేళ్లు ఒకే మ్యాచ్ ఫైనల్ పెట్టి చూశారు. 2022లో ఫైనల్ కాసాబ్లాంకాలో పడింది, ఫైనలిస్టుల్లో ఒకటైన విదాద్‌కు అది సొంత ఊరు. కైరో అల్ అహ్లీ అభ్యంతరం చెప్పింది, విదాద్ 2-0తో గెలిచింది. మరుసటి ఏడాది నుంచి మళ్లీ రెండంచెలకు వచ్చారు. రెండోది ‘అవే’ (బయటి మైదానం) గోల్ నిబంధన. స్కోరు సమమైతే ప్రత్యర్థి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లదే గెలుపు. 2025 సెమీస్‌లో పన్నెండుసార్లు ఛాంపియన్ అయిన కైరో అల్ అహ్లీ అలాగే ఇంటికెళ్లింది. ప్రిటోరియాలో 0-0, కైరోలో 1-1, ఆ ఒక్క గోల్ కూడా ఆఖరి నిమిషాల్లో పడిన సెల్ఫ్ గోల్. మమెలోడీ సన్‌డౌన్స్ ఫైనల్‌కు చేరింది, అక్కడ ఈజిప్టు క్లబ్ పిరమిడ్స్ చేతిలో ఓడింది. మ్యాచ్‌లు మనకు ఎక్కువగా రాత్రి పూటే వస్తాయి. నాణ్యమైన ప్రసారం దొరకడమే కష్టం.

అమెరికాలో ఉంటున్నవాళ్లకు కాన్‌కకాఫ్ ఛాంపియన్స్ కప్ ఉంది. 27 జట్లు, గ్రూపులే లేవు, మొదటి రోజు నుంచీ నాకౌట్.

మీకు ఏది

ఉద్యోగం, పిల్లల స్కూలు మధ్య నెలకు రెండు మూడు మ్యాచ్‌లకు మించి చూడలేనివాళ్లకు నా సలహా ఛాంపియన్స్ లీగ్‌నే, కానీ జనవరి ఆఖరి రౌండ్ నుంచి. తెల్లవారుజామున లేచేవాళ్లు, అమెరికాలో సాయంత్రాలు ఖాళీగా ఉన్నవాళ్లు లిబర్టడోరెస్ తీసుకోండి. బ్రెజిల్‌లో రాత్రి మ్యాచ్ అమెరికా తూర్పు తీరంలో వేసవిలో 8:30కి పడుతుంది. పద్ధతి పరంగా నాకు బాగా నచ్చేది ఆఫ్రికాది. కానీ ప్రసారం నమ్మకంగా దొరకని టోర్నీని కొత్తవాళ్లకు మొదటిదిగా చెప్పలేను. మన క్లబ్బులు ఎదగాలని కోరుకునేవాళ్లు ఏఎఫ్‌సీ టూను వదలొద్దు. 2025లో దాని ఫైనల్ సింగపూర్ క్లబ్ లయన్ సిటీ సెయిలర్స్ సొంతగడ్డపై జరిగింది. షార్జా చివరి క్షణాల్లో 2-1తో గెలిచింది కానీ, సింగపూర్ క్లబ్ ఆసియా ఫైనల్ దాకా రాగలిగితే మనవాళ్లు రాలేరని అనుకోవడానికి కారణం లేదు.

టోర్నీ తేల్చుకున్నాక క్లబ్‌ను ఎంచుకునేటప్పుడు పట్టిక మధ్యలో ఉండేవాళ్లను చూడండి. పెద్ద క్లబ్‌కు సెప్టెంబర్ ఓటమి లెక్కలోకి రాదు. ఎనిమిది, ఇరవై నాలుగు గీతల దగ్గర వేలాడే జట్టుకు ప్రతి పాయింటూ కావాలి. 2024-25లో ఫ్రాన్స్ క్లబ్ బ్రెస్ట్ తొలిసారి యూరప్ టోర్నీ ఆడింది. సొంత స్టేడియం యూఈఎఫ్‌ఏ ప్రమాణాలకు సరిపోక సొంత మ్యాచ్‌లను గాంగాన్ అనే మరో ఊళ్లో ఆడుతూ, 13 పాయింట్లతో 18వ స్థానంలో నిలిచి ప్లేఆఫ్‌కు చేరింది. అక్కడ పారిస్ చేతిలో రెండు మ్యాచ్‌లూ కలిపి 0-10తో ఓడిపోయింది. అప్పటికే ఆ ఊరివాళ్లు లెవర్‌కూసన్‌తో డ్రా చేసుకున్న రాత్రిని, పీఎస్‌వీని ఓడించిన రాత్రిని చూసేశారు.